మూడు గోనెసంచుల జీపు

పన్నెండేళ్లుగా ఖమ్మంలో ముక్కలుగా పడి ఉన్న 1974 నాటి జీపు కోసం ఢిల్లీ మాయాపురి మీదుగా హర్యానా చివరి ఊరు డబ్వాలీ దాకా

డబ్వాలీ బస్టాండులో దిగేసరికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. జనవరి చలి. పొగమంచు అప్పుడే విడుతోంది. రోడ్డు పక్కన తోపుడుబండి మీద గుట్టగా పోసిన కిన్నో పళ్లు, వాటి వెనక వరసగా నిలబెట్టిన పదకొండు జీపులు. ఒకదానికి రంగు లేదు, మరోదానికి చక్రాలు లేవు, ఇంకోదానికి ఇంజిన్ ఉండాల్సిన చోట ఓ కుర్రాడు కూర్చుని టీ తాగుతున్నాడు. నా భుజానికున్న సంచిలో తువ్వాలు, రెండు జతల బట్టలతోపాటు దాదాపు ఆరు కిలోల తుప్పు పట్టిన ఇనుము ఉంది. సికింద్రాబాద్‌లో రైలెక్కేటప్పుడు స్కానర్ దగ్గర కానిస్టేబుల్ అడిగితే "జీపు సామాను" అన్నాను. "జీపేది?" అన్నాడు. నిజానికి ఈ ప్రయాణమంతా ఆ ప్రశ్న గురించే.

జీపు ఖమ్మంలో ఉంది. ఉందంటే, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఛాసిస్, దాని మీద బాడీ తొట్టి, ఓ మూల ఇటుకల మీద ఇంజిన్, మిగిలిందంతా మూడు గోనెసంచుల్లో ఉంది. 1974 మోడల్. ఇంజినీరింగ్ భాషలో సీజే-3బీ. మన ఊళ్లలో మాత్రం పొట్టి జీపు, పెట్రోల్ జీపు. నాగార్జునసాగర్ ఎడమ కాలవ పనుల్లో మా నాన్న సూపర్‌వైజర్‌గా తిరిగిన బండే అది. శాఖ వాళ్లు దాన్ని 1987లో వేలం వేస్తే నాన్న రూ.14,500కి పాడుకున్నారు. ఇంట్లో గొడవైంది. ఆ డబ్బుతో అమ్మకు రెండు పేటల గొలుసు రావాల్సింది. తర్వాత ఇరవయ్యేళ్లపాటు ఆ జీపు పాలేరు దగ్గరి మా పొలానికి ఎరువుల బస్తాలు మోసింది, ఎన్నికలప్పుడు మైకు కట్టుకుంది, చుట్టుపక్కల పిల్లల్ని పరీక్షలకు దింపింది, రెండుసార్లు పెళ్లికూతుర్ని తెచ్చింది. 2009లో నాన్న పోయారు. జీపు షెడ్డులోకి వెళ్లింది.

దాన్ని మార్చాలన్న బుద్ధి నాకు 2012లో పుట్టింది. అప్పటికి కొత్త థార్ వచ్చి రెండేళ్లయింది. రోడ్డు మీద అది కనిపించినప్పుడల్లా మన పాతదాన్ని కూడా అలా నిలబెట్టాలన్న ఉబలాటం. కాగితం మీద నా ప్రణాళిక ఇదీ: పెట్రోల్ ఇంజిన్ తీసేసి ప్యూజో డీజిల్ ఇంజిన్ పెట్టడం, మూడు గేర్ల డబ్బా స్థానంలో అయిదు గేర్లది, పవర్ స్టీరింగ్, వెడల్పు టైర్లు, టైర్లు పట్టడానికి మడ్‌గార్డులు కోయడం. ఓ వర్క్‌షాపుకు అడ్వాన్సు ఇచ్చాను. వాళ్లు మొదట చేసిన పని మడ్‌గార్డులు కోయడం. రెండో పని ఇంజిన్ దించడం. మూడో పని దుకాణం ఎత్తేయడం. 2013 వేసవిలో ట్రాక్టర్ ట్రాలీ మీద జీపు ఇంటికొచ్చింది. ఏ బోల్టు ఎక్కడిదో ఒక్కదానికీ చీటీ లేదు. పాత వాహనాలను విప్పేవారికి ఒక్క మాట: విప్పేది మీరైనా, మేస్త్రీ అయినా, ప్రతి ముక్కకీ చీటీ కట్టండి. పన్నెండేళ్ల ఆలస్యంలో సగం డబ్బు లేక, సగం చీటీలు లేక.

వరద తెచ్చిన గడువు

2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగినప్పుడు మా షెడ్డులోకీ నీళ్లొచ్చాయి. ఇంట్లోకి మోకాలి లోతే. కానీ వెనకవైపు పల్లం కావడంతో ఛాసిస్ మునిగింది. నీళ్లు తీశాక చూస్తే గోనెసంచులు బురద ముద్దలు. ఆ వారం మా కాలనీలో ఎవరికీ జీపు గురించి బాధపడే తీరిక లేదు. ఉండకూడదు కూడా. ఫ్రిజ్‌లు, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు వీధిలో ఎండుతున్నాయి. దసరాకి వెళ్లినప్పుడు అమ్మే ఎత్తింది.

"దాన్ని లేపితే లేపు. లేదంటే పాత సామాన్లోడికి ఇచ్చెయ్యి నాన్నా. ఆయన బండి ఇట్లా బురదల పడుంటే నేను చూడలేను. ఉగాది దాకా చూస్త."

అమ్మకు 78 ఏళ్లు. ఆమె గడువు పెడితే దానికి పొడిగింపులు ఉండవు.

ఇంతలో చట్టం కూడా మారింది. 2012లో నేను గీసుకున్న ప్రణాళిక ఇవాళ అమలు చేస్తే ఆ బండి రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపానికి, ఆర్సీలో రాసిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. దీన్ని కచ్చితంగా పాటించాల్సిందేనని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరోవైపు, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉండి, భారీ మార్పులకు గురికాని కార్లు, జీపులు, ద్విచక్రవాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. మా జీపుకు 2024తో 50 నిండాయి. నా మార్పుల పిచ్చి సగంలో ఆగిపోవడమే దానికి అర్హత మిగిల్చింది. ఇంజిన్ దించారే గానీ అమ్మలేదు. ఛాసిస్ కోయలేదు. పోయినవి మడ్‌గార్డులే.

అయితే వింటేజ్ హోదాలోనూ ఓ మెలిక ఉంది. అలాంటి వాహనాన్ని నిత్యం తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే బయటికి తీయాలి. పాలేరుకు ఎరువు బస్తా వేసుకెళ్లే జీపుకు ఈ గౌరవం గిట్టదు. మామూలు వాహనంగా ఉంచుకుంటే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000 అయింది, ఆపైనా పెరిగింది. అయినా నా మొగ్గు రెండోదానివైపే. మ్యూజియంలో పెట్టడానికైతే నాన్న దాన్ని పాడుకోలేదు.

ఇక మిగిలింది స్టీరింగ్. అసలు ఈ మార్పుల ఆలోచన మొదలైందే దాని వల్ల. మా జీపు స్టీరింగ్‌లో రెండు బెత్తెల ఆట ఉండేది. చక్రం తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని తర్వాత తిరిగేది. నాన్న మలుపుకు ముందే అరచుట్టు తిప్పి పెట్టుకునేవారు. వేరేవాళ్లు నడిపితే పంట కాలవలోకే. నన్ను కూర్చోబెట్టి నేర్పించింది లేదు. "ఇది నీకు లొంగదురా" అనేవారు. పవర్ స్టీరింగ్ పెట్టకపోతే అది నాకు ఎప్పటికీ లొంగదని నేను తీర్మానించుకున్నాను. అది పెట్టాలంటే ఛాసిస్ ముందుభాగం కోయక తప్పదు. అందుకే స్టీరింగ్ డ్రాప్ ఆర్మ్, దాని కింద ఉండే బెల్ క్రాంక్ నమూనాగా సంచిలో వేసుకుని బయల్దేరాను. ముందు మాయాపురి, అక్కడ కుదరకపోతే డబ్వాలీ.

మాయాపురిలో విజయవాడ

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను ఇప్పటికీ ఏపీ ఎక్స్‌ప్రెస్ అనే ప్రయాణికులు ఉన్నారు. 2014లో పేరు మారినా నోటికి అలవాటు పోలేదు. మర్నాడు ఉదయం న్యూఢిల్లీలో దిగి, మెట్రో పింక్ లైన్‌లో మాయాపురి చేరాను. పశ్చిమ ఢిల్లీలోని ఈ పారిశ్రామిక వాడలో ఇనుప సామాను దుకాణాలు వీధులకొద్దీ ఉన్నాయి. ఒక దుకాణం నిండా తలుపులే. పక్క దుకాణం నిండా రేడియేటర్లే. ఇంకోచోట డ్యాష్‌బోర్డులు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. కాలికింద నేల మట్టి కాదు, ఏళ్ల తరబడి కారిన నూనె గట్టిపడ్డ పొర.

ఈ పేరు దేశానికి తెలిసింది 2010లో. ఢిల్లీ విశ్వవిద్యాలయం పాత సామానుగా వేలం వేసిన ఓ ప్రయోగశాల యంత్రంలో కోబాల్ట్-60 ఉందని తెలియక ఇక్కడ దాన్ని విప్పారు. రేడియేషన్ సోకి ఒకరు చనిపోయారు, పలువురు ఆస్పత్రి పాలయ్యారు. ఇప్పుడు అక్కడ పనిచేసే కుర్రాళ్లలో చాలామంది అప్పటికి పసిపిల్లలు. చేతికి తొడుగు లేకుండానే పని చేస్తున్నారు.

దుకాణాల్లో కనిపించే కార్లు మరీ పాతవి కాకపోవడం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కారణం ఉంది. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత ఆ లెక్కలపై వాదోపవాదాలు, సవరణలు నడుస్తూనే ఉన్నా, ఢిల్లీలో కారు వయసంటే మనిషి వయసు కంటే ఎక్కువ పట్టింపు. మన దగ్గర ఇంకో పదేళ్లు తిరిగే బండి ఇక్కడ ముక్కలవుతుంది, లేదా అనుమతి పత్రం తీసుకుని ఆ నిబంధన లేని జిల్లాలకు తరలిపోతుంది.

ఓ దుకాణంలో బొలెరో పవర్ స్టీరింగ్ బాక్సు బేరం చేస్తుంటే వెనకనుంచి తెలుగు వినిపించింది. విజయవాడ ఆటోనగర్ నుంచి సామాను కొనడానికి వచ్చిన వ్యాపారి. నెలకోసారి వస్తాడట. నా కథ విని ఆయన నవ్విన నవ్వు మరిచిపోలేను.

"మీది ఖమ్మమా? ఇక్కడ మీరు కొనేది వారం తిరిగేసరికి మా గోడౌన్‌లో ఉంటదండీ. రెండు గంటల్లో వచ్చేదానికి రెండు రాత్రుళ్లు ప్రయాణం చేశారే!"

ఆయనే అసలు మాట చెప్పాడు. పాత పొట్టి జీపు మడ్‌గార్డులు మాయాపురిలో దొరకవు, విజయవాడలోనూ దొరకవు. రేకు కొట్టి కొత్తగా చేసేవాళ్లు డబ్వాలీలో ఉన్నారు, అక్కడికే పొమ్మన్నాడు. పవర్ స్టీరింగ్ బాక్సు అప్పుడు కొనకపోవడానికి నా వివేకమేమీ కారణం కాదు. అది 15 కిలోలుంది.

పాత నంబరు, కొత్త రోడ్డు

కశ్మీరీ గేట్ నుంచి హర్యానా రోడ్‌వేస్ బస్సు. రోహ్‌తక్, హిసార్, ఫతేహాబాద్, సిర్సా మీదుగా 300 కి.మీ. పైచిలుకు. ఈ రోడ్డు ఇప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్-విజయవాడ రోడ్డుకు 65 అని కొత్త నంబరు వచ్చి పదిహేనేళ్లయినా మనవాళ్లు దాన్ని 'ఎన్‌హెచ్ నైన్' అనే పిలుస్తారు. అసలు నైన్ మీద కూర్చుని ఆ సంగతే తలచుకున్నాను. సూర్యాపేట దగ్గర ఇడ్లీ తినే వేళకు ఇక్కడ హిసార్ దాటుతూ ముల్లంగి పరాఠా.

హిసార్ దాటాక నేల రంగు మారుతుంది. ఇసుక కలుస్తుంది. పత్తి తీసేసిన చేలల్లో మోళ్లు, పక్కనే గోధుమ, మధ్యలో పసుపు పరిచినట్టు ఆవ. కాలవల వెంట తుమ్మ చెట్లు. ఆ కాలవ గట్లు చూస్తే నాకు మా పాలేరే గుర్తొచ్చింది. గట్టు ఉన్నచోటల్లా జీపు ఉంటుంది మరి.

డబ్వాలీ మూడు రాష్ట్రాల కూడలి లాంటిది. ఊరు హర్యానాలోని సిర్సా జిల్లాది. దాన్ని ఆనుకున్న కిలియాంవాలీ పంజాబ్‌ది. రాజస్థాన్ కాస్త దూరమే. ఒకే బజారులో నడుస్తూ రాష్ట్రం మారామని మనకు తెలియదు, ఫోన్‌కు తెలుస్తుంది. దేవీలాల్ స్వగ్రామం చౌటాలా ఇక్కడికి దగ్గరే. 1989లో ఆయన ఉప ప్రధాని అయినప్పుడు నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్ ఎన్టీఆర్. మన దేశంలో అత్యంత ప్రసిద్ధమైన 'మాడిఫైడ్' వాహనం ఏదని నన్నడిగితే ఎన్టీఆర్ చైతన్యరథమే అంటాను. పాత షెవ్రోలె వ్యాన్‌ను మార్చి, పైన నిలబడి ప్రసంగించే ఏర్పాటు చేసి, 1982లో రాష్ట్రమంతా తిప్పారు. 52వ సెక్షన్ అప్పటికి పుట్టలేదు.

ఈ ఊరికి మరో జ్ఞాపకం కూడా ఉంది. 1995 డిసెంబర్ 23న ఓ పాఠశాల వార్షికోత్సవంలో షామియానాకు నిప్పంటుకుని 400 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. స్మారక స్థలం ఉంది. టీ దుకాణం ఆయన నేనడక్కుండానే అటు చేయి చూపించి, ఇంకేమీ చెప్పలేదు. జీపుల ఊరని వచ్చేవాళ్లు ముందు దాన్ని చూసి వెళ్లాలని ఆయన ఉద్దేశం కాబోలు. వెళ్లి వచ్చాను.

కొలిమిలో పెట్టిన ముక్క

ఇక్కడ జీపు చేయడం వడ్రంగం లాంటి కుటీర వృత్తి. సైన్యం, ప్రభుత్వ శాఖలు వేలం వేసిన బళ్ల నుంచి ఇరుసులు, గేరు డబ్బాలు వస్తాయి. జబల్‌పూర్ ఆర్డినెన్స్ కర్మాగారంలో తయారై సైన్యంలో దశాబ్దాలపాటు తిరిగిన జోంగా ముక్కలూ కనిపిస్తాయి. బాడీ తొట్టిని రేకు నుంచి కొత్తగా కోసి, వంచి, వెల్డింగ్ చేస్తారు. దానికి సైనిక పచ్చ రంగు, పక్కన నీళ్ల డబ్బా, వెనక స్టెప్నీ. 'లండీ జీపు' అంటారు ఇక్కడ. పెళ్లిళ్లకు, పొలాలకు, దర్జాకు. దేశం నలుమూలల నుంచీ కొంటారు. సమస్యల్లా కాగితాలతోనే. ముక్కలు ఎక్కడెక్కడివో అయిన బండికి ఏ ఆర్సీ సరిపోతుంది? ఈ ప్రశ్న అడిగిన ప్రతిచోటా టీ వచ్చింది గానీ జవాబు రాలేదు. చూడముచ్చటగా ఉన్నాయని నేను కొనమని సలహా ఇవ్వను. తనిఖీలో ఆగితే ఆ పచ్చరంగు కాపాడదు.

రేకు పని చేసే షెడ్డు యజమాని అరవయ్యేళ్ల సర్దార్‌జీ. నా ఫోన్‌లోని మడ్‌గార్డుల ఫొటో చూసి తల పట్టుకున్నాడు. "ఇంత మంచి రేకును ఎవడు కోశాడు?" అన్నాడు. నేనే అని చెప్పలేదు. కొత్తవి నాలుగు రోజుల్లో చేస్తానన్నాడు. అచ్చు పాతవాటిలాగే, ముందు వంపుతో సహా. బోనెట్ ఎత్తుగా ఉండే ఈ మోడల్‌కు కొలతలు ఆయన నోటికే వచ్చు. ఆ ఎత్తుకు కారణం లోపలి హరికేన్ ఇంజిన్. ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉండటంతో పాత యుద్ధకాలపు ఇంజిన్ కంటే పొడవైంది. దాన్ని పట్టించడానికి అమెరికాలో విల్లీస్ వాళ్లు 1953లో బోనెట్‌నే పైకి లేపారు. అక్కడ ఆ మోడల్ 1968లో ఆగిపోయింది. మన దగ్గర మహీంద్రా దాన్ని ఆ తర్వాత కూడా చాలాకాలం చేసింది. ఆ కంపెనీ పుట్టింది కూడా ఇటువైపే. 1945లో లూధియానాలో, 'మహీంద్రా అండ్ మహమ్మద్' పేరుతో ఉక్కు వ్యాపారంగా. భాగస్వామి గులాం మహమ్మద్ విభజన తర్వాత పాకిస్థాన్ తొలి ఆర్థికమంత్రి, ఆపై గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మారింది. "మా ఊరి మధ్యలో ఉన్న గీతే, కాస్త పెద్దగా గీశారు" అన్నాడు సర్దార్‌జీ.

స్టీరింగ్ సంగతి చెప్పి సంచిలోని ఇనుము బల్ల మీద పెట్టాను. పవర్ స్టీరింగ్ ఎలా బిగించాలో అడుగుదామని. ఆయన డ్రాప్ ఆర్మ్ పక్కన పెట్టేసి బెల్ క్రాంక్ చేతిలోకి తీసుకున్నాడు. కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. వెలుతురుకు ఎత్తి పట్టాడు. తర్వాత దాని రంధ్రంలోకి కొత్త పిన్ను దూర్చి ఊపాడు. గంటలా ఆడింది.

ఈ జీపు స్టీరింగ్ గురించి కాస్త చెప్పాలి. చక్రం కింది పెట్టె నుంచి వచ్చే కదలిక నేరుగా టైర్లకు చేరదు. ఛాసిస్ ముందు అడ్డపట్టీ మీద ఓ పిన్ను చుట్టూ తిరిగే చిన్న త్రికోణపు ముక్క ఉంటుంది. అదే బెల్ క్రాంక్. డ్రాగ్ లింక్ దాన్ని తోస్తుంది, అది రెండు రాడ్ల ద్వారా రెండు టైర్లను తిప్పుతుంది. ఆ పిన్ను బేరింగు అరిగితే పెట్టె ఎంత కొత్తదైనా స్టీరింగ్ ఆడుతూనే ఉంటుంది. పెద్ద పెట్టె బిగిస్తే అరిగిన పిన్నును మరింత బలంగా తోస్తుంది, అంతే.

"దీన్ని ఎప్పుడో కొలిమిలో పెట్టి సుత్తితో సాపు చేశారు భాయ్‌సాబ్" అన్నాడాయన. "చూడండి, ఈ చెయ్యి ఇటు వాలింది. రంధ్రం గుండ్రంగా లేదు, గుడ్డులా ఉంది. మీ పెట్టెలో తప్పు లేదు. రోగం మోకాలికి, మీరు వైద్యం చేయిస్తోంది నడుముకి."

కొత్త బెల్ క్రాంక్, పిన్ను, బేరింగులు కలిపి రూ.2,800. నేను 2012లో స్టీరింగ్ మార్పు కోసం ఇచ్చిన అడ్వాన్సు రూ.40,000.

ఆ రాత్రి లాడ్జిలో సరిగా నిద్ర పట్టలేదు. చలి ఒక కారణం. నాన్న ఇరవై రెండేళ్లు ఆ చక్రంతో చేసిన కుస్తీ అంతా అరచేతిలో పట్టే ముక్క కోసమా అన్నది రెండోది. ఆయన కాలవలకు లెవెల్స్ తీసిన మనిషి. అంగుళం వాలు తప్పితే ఒప్పుకొనేవారు కాదు. సొంత జీపు మోకాలు మాత్రం చూసుకోలేదు.

చీటీలు కట్టే పని

మడ్‌గార్డులు లారీ సర్వీసులో పది రోజులకు ఖమ్మం చేరాయి. ఆ లోపు గోనెసంచులు విప్పాం. 'మేం' అంటే నేను, మా వీధి చివర మేస్త్రీ, ఇంకా సాగర్ కాలవ శాఖలో ఈ జీపునే నడిపి రిటైరైన డ్రైవర్ తాత. ఆయనకు ఎనభై దాటాయి. చూపు తగ్గింది. కానీ బోల్టును వేళ్లతో తడిమి "ఇది రేడియేటర్ కింది కుడివైపుది బాబూ" అని చెప్పగలడు. ఆయన చెబుతుంటే నేను చీటీలు రాసి కట్టాను. మూడు సంచులకు తొమ్మిది ఆదివారాలు పట్టింది.

బెల్ క్రాంక్ ఆయన చేతిలో పెట్టినప్పుడు మాట్లాడలేదు. కాసేపాగి చెప్పాడు. కాలవ గట్టు మీద వానలో వెళ్తుంటే జీపు జారి ముందు భాగం తూముకు కొట్టుకుందట. నడుపుతున్నది ఆయన కాదు, నాన్న. సూపర్‌వైజర్లు శాఖ బండి నడపకూడదు. పై అధికారులకు తెలిస్తే ఇద్దరికీ మెమోలు. అందుకని రాత్రికి రాత్రే పక్క ఊరి కమ్మరి కొలిమిలో వంపు తీయించి బిగించేశారు. "సారు ఎవరికీ చెప్పొద్దన్నరు. వేలంల ఆయనే ఎందుకు పాడుకున్నరనుకున్నవ్? ఇంకొకరికి పోతే ఆ స్టీరింగ్ వల్ల ఎవరికేమైతదో అని భయం."

అమ్మ వంటింటి గడపలో నిలబడి వింది. గొలుసు సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చిందో లేదో, ఏమీ అనలేదు. తాతకు రెండో గ్లాసు టీ తెచ్చింది.

ఇంజిన్ పని విజయవాడ ఆటోనగర్‌లో చేయించాం. బోరింగ్, కొత్త పిస్టన్లు, ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్‌కు యాభై ఏళ్ల నాటి రబ్బరు ఆగదు కాబట్టి పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రం మార్చాం. మార్పుల జాబితాలో చివరికి మిగిలినవి మూడే: సీటు బెల్టులు, డైనమో బదులు ఆల్టర్నేటర్, బ్రేకులకు రెండు దారుల మాస్టర్ సిలిండర్. పాతదానిలో ఒక్క పైపు కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోయేది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రూపం, అన్నీ ఆర్సీలో ఉన్నవే. వెడల్పు టైర్లు వద్దనుకున్నాం. పాత 6.00-16 సైజే.

అమ్మ పెట్టిన ఉగాది గడువు దాటిపోయింది. ఆమె పట్టించుకోనట్టు నటించింది. మే మొదటి వారంలో ఓ సాయంత్రం ఇంజిన్ అంటుకుంది. తొలి పది నిమిషాలు వీధంతా పొగ. పక్కింటివాళ్లు తిట్టబోయి, బయటికొచ్చి ఫోన్లు తీశారు. ఫిట్‌నెస్ ఇంకా కాలేదు కాబట్టి రోడ్డెక్కించలేదు. లారీ మీద పొలానికి చేర్చి, మా గట్టు మీద మాత్రమే తిప్పాం. మూడు గేరు రాడ్లు, నేలలో నాలుగు చిల్లులు, డ్రైవర్ సీటు కింద పెట్రోల్ ట్యాంకు. చక్రం తిప్పగానే తిరిగింది. మలుపుకు ముందే అరచుట్టు తిప్పాలనే అలవాటు నాకు లేకపోయినా, చేతులు ఎందుకో అలాగే పోయాయి. జీపు మడిలోకి దిగబోయింది. వెనక్కి తిప్పాను.

వెనక సీట్లో తాత. ముందు అమ్మ, సీటు బెల్టు పెట్టుకోవడం ఇబ్బందిగా ఉందని సణుగుతూ. తూము దగ్గర బర్రెలు అడ్డం వచ్చాయి. ఆపాను. అవి కదలవు.

"హారన్ కొట్టరా" అంది అమ్మ.

హారన్ ఇంకా మూడో సంచిలోనే ఉంది. దానికి చీటీ కట్టాను గానీ బిగించలేదు.